కీర్తన 91 చదివిన నాన్న చనిపోయారు, యెహెజ్కేలు 21:3 ఏమో అలా ఉంది, ఏది నమ్మాలి?

ప్రశ్న: అన్నా, వందనాలు. మాది గుంటూరు దగ్గర ఒక ఊరు. మా నాన్న సంఘంలో పెద్దగా ఉండేవారు. దేవుడు అపాయం నుంచి కాపాడతాడని చెప్పే 91వ కీర్తన పొద్దున్నే చదవకుండా గడప దాటేవారు కాదు. 2021 మే లో కరోనాతో చనిపోయారు. జ్ఞాపకార్థ కూడికలో ఒకాయన "ఎక్కడో విశ్వాసంలో లోటు ఉండుంటుంది, లేకపోతే వాగ్దానం తప్పదు" అన్నారు, అమ్మ ఆ మాట ఇప్పటికీ మర్చిపోలేదు. తమ్ముడు హైదరాబాద్‌లో జాబ్ చేస్తాడు, చర్చికి వెళ్ళడం మానేశాడు. మొన్న నాకు మూడు రిఫరెన్సులు పంపాడు. ఆదికాండం 18:25లో నీతిమంతుల్ని దుష్టులతో కలిపి చంపడం దేవునికి దూరమవుగాక అని ఉంది, యెహెజ్కేలు 9లో నొసట గుర్తు ఉన్నవాళ్ళని ముట్టొద్దు అని ఉంది, మళ్ళీ అదే యెహెజ్కేలు 21:3లో నీతిపరులైనా దుష్టులైనా అందర్నీ నిర్మూలం చేస్తా అని ఉంది. "ముందు మీ దేవుణ్ణి ఏదో ఒకటి డిసైడ్ అవ్వమను" అన్నాడు. నాకు జవాబు రాలేదు. వాడికేం చెప్పాలి, అమ్మకేం చెప్పాలి?

జవాబు: చెల్లెమ్మా, వందనాలు. మీరు తమ్ముడి ప్రశ్న గురించి రాశారు గానీ నాకు ముందు అమ్మకే జవాబు చెప్పాలనిపిస్తోంది, ఆ కూడికలో పడిన మాటని ఇన్నాళ్ళుగా ఆవిడ ఒక్కతే మోస్తున్నట్టుంది కాబట్టి.

ఆ మాట తప్పు. చావు జరిగిన ఇంట్లో అనకూడదు కాబట్టి తప్పు అనడం లేదు, బైబిల్ ప్రకారమే తప్పు. లూకా 13 తీయండి. బలులు అర్పించడానికి వచ్చిన గలిలయుల్ని పిలాతు చంపించాడని కొందరు వచ్చి యేసుతో చెప్తారు, అప్పుడు ఆయనే ఇంకో సంఘటన కూడా గుర్తు చేస్తాడు, సిలోయంలో గోపురం కూలి 18 మంది చనిపోయారు కదా, వాళ్ళు యెరూషలేములో మిగతా అందరికంటే పెద్ద అపరాధులనుకుంటున్నారా, కాదు అని చెప్తున్నా అంటాడు. అంత సూటిగా అన్నాక కూడా మనం శవం పక్కన కూర్చుని లెక్కలు వేస్తుంటాం. యోబు స్నేహితులు చేసింది కూడా అదే, నీ పిల్లలు పాపం చేసుంటారు, నువ్వేదో దాస్తున్నావు అని అధ్యాయాలకి అధ్యాయాలు మాట్లాడారు, చివరికి 42:7లో దేవునికి కోపం వచ్చింది ఎవరి మీద? తన పుట్టిన రోజుని శపించుకున్న యోబు మీద కాదు, దేవుణ్ణి వెనకేసుకొచ్చిన ఆ స్నేహితుల మీద. మీరు నా గురించి సరిగ్గా మాట్లాడలేదు అన్నాడు. అమ్మకి ఈ రెండు చోట్లూ చదివి వినిపించండి. నాన్నగారి విశ్వాసాన్ని కొలిచే అధికారం ఆ కూడికలో ఎవరికీ లేదు.

ఇప్పుడు తమ్ముడి మూడు వచనాలు. ముందొక మాట, వాడు లేనిది కల్పించలేదు, ఆ మూడూ అక్కడ ఉన్నాయి, అలానే ఉన్నాయి. ఒక చిన్న సవరణ మాత్రం ఉంది, ఆదికాండం 18:25 దేవుడు అన్న మాట కాదు, అబ్రాహాము దేవునితో అన్న మాట. "సర్వలోకమునకు తీర్పు తీర్చువాడు న్యాయము చేయడా" అని అడిగింది అబ్రాహాము. అలాగని ఈ పాయింట్ పట్టుకుని వాడి నోరు మూయించకండి, ఎందుకంటే దేవుడు ఆ వాదనని కొట్టిపారేయలేదు, 50 దగ్గర మొదలుపెట్టి 10 దాకా ఒప్పుకుంటూనే వచ్చాడు. అంటే అబ్రాహాము దేవుని గురించి అనుకున్నది కరెక్టే.

మన బోధకుల్లో కొందరు 21:3 దగ్గరికి రాగానే "ఇక్కడ నీతిపరులు అంటే నిజమైన నీతిపరులు కాదు, తమని తాము నీతిమంతులు అనుకునేవాళ్ళు" అని సర్దేసి ముందుకెళ్ళిపోతారు. నేను దీన్ని ఒప్పుకోను. 20వ అధ్యాయం చివర చూడండి, దక్షిణ దిక్కు అడవిలో అగ్ని రాజేస్తాను, అది పచ్చని చెట్లనీ ఎండిన చెట్లనీ అన్నిటినీ కాల్చేస్తుంది అని ఉంటుంది. జనం అది విని, ఈయన ఎప్పుడూ ఉపమానాలే చెప్తాడు అని తీసిపారేస్తారు. అందుకే 21లో విప్పి చెప్తున్నాడు, అడవి అంటే ఇశ్రాయేలు దేశం, అగ్ని అంటే ఖడ్గం, పచ్చని చెట్టు నీతిపరుడు, ఎండిన చెట్టు దుష్టుడు. పచ్చని చెట్టు నిజంగా పచ్చనిదే. దాన్ని ఎండిన చెట్టుగా మార్చేసి సమస్య తీరిపోయింది అనుకుంటే తమ్ముడిలాంటి తెలివైనవాడు ఒక్క నిమిషంలో పట్టేసుకుంటాడు, పట్టుకోవాలి కూడా.

సరే, మరి ఒకే మనిషి, యెహెజ్కేలు ప్రవక్త, ఈ రెండూ ఎలా చెప్పాడు? 9వ అధ్యాయంలో ఉన్న దర్శనానికి తేదీ ఉంది, ఆయన బబులోనుకి బందీగా, అంటే చెరలోకి వచ్చిన ఆరో సంవత్సరం, ఆరో నెల. 20వ అధ్యాయానికి తేదీ ఏడో సంవత్సరం, ఐదో నెల. రెండిటికీ మధ్య ఏడాది కూడా నిండలేదు. కాబట్టి మొదట అన్నది మర్చిపోయి ఇంకోటి అన్నాడు అనడానికి లేదు, తెలిసే రెండూ చెప్పాడు, రెండూ ఒకే పుస్తకంలో ఉంచాడు, ఒకదాన్ని చెరిపి ఇంకోదాన్ని మిగల్చలేదు. ఇంకో విషయం, యెహెజ్కేలు ఈ మాటల్ని సేఫ్‌గా కూర్చుని చెప్పలేదు. క్రీస్తుపూర్వం 597లో నెబుకద్నెజరు రాజు యెహోయాకీనుని, వేల మందిని బబులోనుకి పట్టుకుపోయినప్పుడు ఈయన కూడా వాళ్ళలో ఒకడు. యాజకుడు, ఆలయంలో సేవ చేయాల్సినవాడు, కెబారు నది దగ్గర బందీల మధ్య ఉన్నాడు. ఆయనే ఒక పచ్చని చెట్టు. నీతిపరుడు కూడా దేశం మీదికొచ్చిన శిక్షలో కొట్టుకుపోతాడు అనేది ఆయనకి థియరీ కాదు.

నా ఉద్దేశంలో అసలు కీలకం ఎవరితో అంటున్నాడు అనే దాంట్లో ఉంది. క్రీస్తుపూర్వం 701లో యూదా రాజు హిజ్కియా కాలంలో అష్షూరు రాజు సన్హెరీబు యెరూషలేము మీదికి వచ్చి పట్టుకోలేక వెనక్కి వెళ్ళిపోయాడు, యెషయా 37లో ఉంది కదా. ఆ విడుదల నిజం. కానీ ఆ తర్వాత నూరేళ్ళలో అది ఒక నమ్మకంగా గడ్డకట్టింది, ఈ ఊరికి ఏమీ కాదు, ఇక్కడ ఆలయం ఉంది, మనం ఎలా బతికినా దేవుడు దీన్ని వదులుకోడు అని. యిర్మీయా 7లో "ఈ స్థలము యెహోవా ఆలయము యెహోవా ఆలయము" అని జపంలా అంటున్నది వాళ్ళే. ఒక పక్క దొంగతనం, వ్యభిచారం, బయలు దేవతకి ధూపం, ఇంకో పక్క మేము విడిపించబడ్డాం అనే కేక. యెహెజ్కేలు 11లో అయితే ఆ పట్టణ పెద్దలు ఈ ఊరు కుండ, మేము లోపల ఉన్న మాంసం అంటారు, కుండ ఉన్నంతవరకు మాంసానికి మంట తగలదు అనే ధీమా. చెరలోకి పోయినవాళ్ళ గురించి అదే అధ్యాయంలో ఏమన్నారో చూడండి, వాళ్ళు యెహోవాకి దూరమైపోయారు, దేశం ఇక మాదే అన్నారు. అంటే సేఫ్‌గా ఉన్నవాడు దేవునికి దగ్గర, కష్టంలో పడ్డవాడు దేవునికి దూరం అని లెక్క కట్టేశారు. మీ నాన్నగారి కూడికలో వినపడింది కూడా ఇదే లెక్క చెల్లెమ్మా.

రేపు పరీక్ష అని నిద్రపట్టక ఏడుస్తున్న అమ్మాయికి వాళ్ళమ్మ చెప్పే మాట వేరు, ఏడాదంతా పుస్తకం ముట్టకుండా "నాకేం, పాసైపోతా" అని తిరిగే కొడుక్కి అదే అమ్మ చెప్పే మాట వేరు. రెండూ రాసి పక్కపక్కన పెడితే విరుద్ధంగానే కనిపిస్తాయి, ఆవిడ మనసులో మాత్రం విరుద్ధం లేదు. యెహెజ్కేలు 9 ఆ ఊళ్ళో జరిగే హేయమైన పనులు చూసి మూలుగుతూ ఏడుస్తున్నవాళ్ళ గురించి, అవిసెనార బట్ట కట్టుకుని నడుముకి సిరాబుడ్డి పెట్టుకున్న ఒకాయన వాళ్ళని వెతికి వెతికి ఒక్కొక్కరి నొసట గుర్తు వేస్తాడు. దేవుని దృష్టిలో జనం గుంపుగా లేరు, ఎవరు ఎవరో తెలుసు, అది ఆ అధ్యాయం. 21 ఏమో కుండలో కూర్చున్నవాళ్ళకి చెప్పింది. ఖడ్గం బయటికి వస్తే దక్షిణం నుంచి ఉత్తరం దాకా అందరికీ తగులుతుంది, పక్కింట్లో ఉన్న మంచివాణ్ణి అడ్డం పెట్టుకుని తప్పించుకోలేరు అని.

ఆ ఖడ్గం ఎవరి చేతిలో ఉందో కూడా ఆ అధ్యాయమే చెప్తుంది. 21:21లో బబులోను రాజు రెండు దారులు చీలే చోట నిలబడి శకునం చూస్తుంటాడు, బాణాలు ఆడించి, విగ్రహాల్ని అడిగి, ఎటు వెళ్ళాలా అని. అలాంటి రాజు సైన్యం ఊరిని ముట్టడేస్తే, లోపల రొట్టె అయిపోతే, గోడ పగిలితే, ఎవరింట్లో ప్రార్థన జరుగుతుందో చూసి ఆ ఇల్లు వదిలేయదు కదా. క్రీస్తుపూర్వం 586 ప్రాంతంలో నిజంగా అలాగే జరిగింది. విలాపవాక్యములు చదివితే తెలుస్తుంది, చదవడం కష్టం, చంటిపిల్లలు తల్లుల ఒడిలో ప్రాణం విడిచే మాటలున్నాయి, వాళ్ళు ఏ పాపం చేశారు? "పాపము చేయువాడే మరణము నొందును" అన్నది కూడా యెహెజ్కేలే, 18వ అధ్యాయంలో. కాబట్టి దేవుడు ఒక్కొక్కరి లెక్క ఎలా చూస్తాడు అనేది ఒక ప్రశ్న, ఒక దేశం కూలినప్పుడు ఎవరికి దెబ్బ తగులుతుంది అనేది ఇంకో ప్రశ్న, ఈ రెండిటినీ ఒకటే చేసినప్పుడు వచనాలు కొట్టుకున్నట్టు కనిపిస్తాయి. దీంతో నొప్పి పోతుంది అనడం లేదు. ఆ చంటిపిల్లల దగ్గర నేను కూడా ఆగిపోతాను, విలాపవాక్యములు రాసిన ఆయన కూడా వివరణ ఇవ్వలేదు, ఏడ్చాడు.

యిర్మీయా 24 మాత్రం తమ్ముడితో తప్పకుండా చదివించండి, నాకు ఈ విషయంలో ఎక్కువ సాయం చేసింది ఆ అధ్యాయమే. ఆలయం ముందు రెండు గంపల అంజూరపు పళ్ళు. ఒకదాంట్లో చాలా మంచివి, ఇంకోదాంట్లో తినలేనంత పాడైనవి. మంచి పళ్ళు ఎవరంటే ఇళ్ళు పోగొట్టుకుని బబులోనుకి పోయినవాళ్ళు, వాళ్ళకి మేలు చేస్తాను, నన్ను తెలుసుకునే హృదయం ఇస్తాను అన్నాడు దేవుడు. చెడిపోయిన పళ్ళు సిద్కియా రాజుతో కలిసి యెరూషలేములో క్షేమంగా మిగిలినవాళ్ళు. అంటే బయటినుంచి చూసి ఎవరు దేవుని నీడలో ఉన్నారో చెప్పడం ఆ రోజుల్లో పూర్తిగా తలకిందులయ్యేది, ఇప్పుడు కూడా అంతే అనుకుంటా.

ఆ రోజుల్లోనే ఇంకో ఇద్దరు ప్రవక్తలు. యిర్మీయా, ఊరియా. ఇద్దరూ యెహోయాకీము రాజు కాలంలో ఒకే మాట ప్రకటించారు. యిర్మీయా 26 చివర ఉంటుంది, ఊరియా భయపడి ఐగుప్తుకి పారిపోయాడు, అక్కడినుంచి పట్టుకొచ్చి కత్తితో చంపేశారు. యిర్మీయాకి అహీకాము అనే ఆయన అండగా నిలబడ్డాడు, బతికాడు. ఎందుకు ఒకరు అలా ఒకరు ఇలా అని అక్కడ ఒక్క ముక్క కూడా లేదు. ఊరియా పారిపోయాడు కాబట్టి విశ్వాసం లేదు అంటారేమో, మరి ఏలీయా ప్రవక్త కూడా యెజెబెలు రాణికి భయపడి పారిపోయాడు, ఆయనకి దూత వచ్చి రొట్టె పెట్టాడు. కొత్త నిబంధనకి వస్తే అపొస్తలుల కార్యములు 12లో మళ్ళీ అదే, హేరోదు యోహాను అన్న యాకోబుని కత్తితో చంపించాడు, పేతురుని మాత్రం 16 మంది సైనికుల కాపలాలోంచి దూత బయటికి తెచ్చాడు. యాకోబు ఇంట్లోవాళ్ళు ప్రార్థన చేయలేదంటారా? హెబ్రీయులకు 11లో అయితే ఇంకా సూటిగా, విశ్వాసాన్ని బట్టి ఖడ్గధారని తప్పించుకున్నారు అని 34వ వచనం, ఖడ్గంతో చంపబడ్డారు అని 37వ వచనం, ఇద్దర్నీ ఒకే లిస్టులో పెట్టి వీళ్ళందరూ విశ్వాసం వల్ల సాక్ష్యం పొందారు అని ముగించాడు. విశ్వాసంలో లోటు అన్నాయనకి ఈ అధ్యాయం తెలియక కాదు, ఇది మన కూడికల్లో 34 దాకా చదివి ఆపేస్తారు, అదీ బాధ.

ఇక 91వ కీర్తన. "నీ ప్రక్కను వేయి మంది పడినను నీ కుడిప్రక్కను పదివేలమంది కూలినను అపాయము నీయొద్దకు రాదు." ఈ మాట అబద్ధం అని నేను చచ్చినా అనను, ఎంతోమంది ఈ మాట పట్టుకుని గండాలు దాటారు. కానీ దీన్ని ఎలా వాడకూడదో బైబిల్లోనే ఉంది. మత్తయి 4లో యేసుని ఆలయ శిఖరం మీద నిలబెట్టి, దూకు, నీ పాదానికి రాయి తగలకుండా దూతలు ఎత్తుకుంటారని రాసి ఉంది కదా అని ఈ కీర్తనే చదివింది ఎవరు? సాతాను. యేసు ఆ వచనం తప్పు అనలేదు, నీ దేవుణ్ణి శోధించకూడదు అన్నాడు. అంటే ఈ కీర్తనని గ్యారంటీ కార్డులా దేవుని ముందు పెట్టి పని చేస్తుందో లేదో చూద్దాం అనడాన్ని ఒప్పుకోలేదు. దూతల విషయానికొస్తే, సిలువకి ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు దగ్గరికి దూత నిజంగానే వచ్చాడు, లూకా 22:43. వచ్చి ఆ శ్రమల గిన్నె తీసేశాడా? లేదు, ఆయన్ని బలపరిచాడు. అదే కీర్తన 15వ వచనంలో "శ్రమలో నేనతనికి తోడై యుండెదను" అని కూడా ఉంది, శ్రమ రానేరాదు అనే కీర్తన అయితే ఆ మాట ఎందుకుంటుంది?

డిసెంబర్ 31 రాత్రి మనం వాగ్దాన కార్డులు తీసుకుంటాం, ఒక్క లైను, చుట్టూ పువ్వులు. నేను దానికి వ్యతిరేకిని కాదు, మా ఇంట్లోనూ గోడకి ఉంటాయి. కాకపోతే కార్డు మీద 91వ కీర్తన 7వ వచనం వచ్చినంత తరచుగా 15 రాదు, లూకా 21:18 "మీ తల వెండ్రుకలలో ఒకటైనను నశింపదు" వస్తుంది గానీ దానికి రెండు వచనాల ముందు మీలో కొందరిని చంపిస్తారు అని యేసు అన్నమాట రాదు. ఆ రెండిటినీ ఒకే ఊపిరిలో చెప్పాడాయన. చంపబడతారు, తల వెంట్రుక కూడా నశించదు. ఆయన కాపాడటం అంటే చావు దగ్గర ఆగిపోయేది కాదు కాబట్టే అలా అనగలిగాడు. పునరుత్థానం లేకపోతే ఆ మాటకి అర్థం లేదు, నేను దీన్ని నమ్ముతున్నాను, తమ్ముడు ఇప్పుడు నమ్మలేకపోవచ్చు, ఆ సంగతి వాడితో దాచకుండా చెప్పండి, ఇక్కడ మా జవాబు మొత్తం యేసు లేవడం మీదే నిలబడి ఉంది అని.

అసలు పచ్చని చెట్టు గురించి యేసు కూడా మాట్లాడాడు. సిలువ మోసుకుంటూ వెళ్తుంటే ఏడుస్తున్న యెరూషలేము స్త్రీలతో, పచ్చి మానుకే ఇలా చేస్తే ఎండినదానికి ఏం చేస్తారో అన్నాడు, లూకా 23:31. యెహెజ్కేలు అడవి గుర్తొచ్చి అన్నాడని నాకనిపిస్తుంది. నీతిపరుడు దుష్టులతో కలిపి లెక్కించబడటం దేవునికి దూరమవుగాక అని అబ్రాహాము బతిమాలాడు, ఆ రోజు ఇద్దరు నేరస్థుల మధ్య వేలాడింది దేవుని సొంత కుమారుడే. నీతిమంతులు కూడా ఎందుకు పడతారు అని తమ్ముడు అడిగేది మనం సిలువ కింద నిలబడి వినాల్సిన ప్రశ్న, వాదించి గెలవాల్సింది కాదు.

అమ్మకి యెషయా 57 మొదటి రెండు వచనాలు చూపించండి. నీతిమంతులు నశించడం చూసి ఎవరూ దాన్ని మనసున పెట్టరు, కీడు చూడకుండా వాళ్ళు తీసుకుపోబడుతున్నారని ఎవరికీ తోచదు, వాళ్ళు విశ్రాంతిలో ప్రవేశిస్తారు అని ఉంటుంది. వివరించొద్దు, చదివి పక్కన కూర్చోండి చాలు. నాన్నగారు ఆ కీర్తన చదివి మోసపోలేదు, ఆస్పత్రి మంచం మీద కూడా ఆ కీర్తన ఆయనదే. ఆ మాట అన్న పెద్దాయన ఇంకా సంఘంలో ఉంటే, మత్తయి 18:15 ప్రకారం ముందు మీరొక్కరే వెళ్ళి, అమ్మ దీన్ని ఎన్నాళ్ళుగా మోస్తోందో మెల్లగా చెప్పండి. చాలామందికి తాము అన్నది గుర్తు కూడా ఉండదు. వింటే అమ్మ దగ్గరికి వచ్చి రెండు మాటలు మాట్లాడమనండి, వినకపోతే మీ పాస్టర్ గారిని తోడు తీసుకెళ్ళండి, కోపంతో మాత్రం వద్దు.

తమ్ముడికి ఇదంతా కాపీ చేసి వాట్సాప్‌లో పంపకండి. ముందు ఫోన్ చేసి, నీ ప్రశ్న కరెక్టే, అబ్రాహాము అడిగాడు, హబక్కూకు ప్రవక్త అడిగాడు, నువ్వు అడగడం పాపం కాదు అని చెప్పండి, చర్చికి రమ్మని ఆ ఫోన్‌లోనే అడగొద్దు. వాడి కోపం వచనాల మీద కంటే నాన్న చావు గురించి ఆ రోజు అన్న మాట మీద ఎక్కువ అని నాకనిపిస్తోంది, నేను తప్పయి ఉండొచ్చు, మీకే బాగా తెలుస్తుంది. వాడు సరే అంటే 44వ కీర్తన ఇవ్వండి, మేము నిన్ను మరువలేదు, అయినా నిన్ను బట్టి రోజంతా వధించబడుతున్నాం, మేలుకో ప్రభువా ఎందుకు నిద్రపోతున్నావు అని దేవుని ముఖం మీదే అడిగిన కీర్తన అది, దాన్నే పౌలు రోమా 8:36లో తీసుకుని ఆ వెంటనే దేవుని ప్రేమ నుంచి మనల్ని ఏదీ ఎడబాపలేదు అన్నాడు. ఆ తర్వాత యెహెజ్కేలు 8 నుంచి 24 దాకా కలిసి చదవండి, వారానికి రెండు అధ్యాయాలు చాలు, మధ్యలో వాడు ఆపేద్దామంటే ఆపేయండి. ఆదివారం కాకుండా ఏ రాత్రయినా జూమ్‌లో పెట్టుకుంటే నేనూ వచ్చి కూర్చుంటాను, వాడు అడిగేవన్నీ అడగొచ్చు.